పంపు స్టవ్వుతో చేసిన ఆవిరి ఇంజను

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకు మా వాకిట్లో ఉన్నవాళ్లు నలుగురు: నాయనమ్మ, అమ్మ, బాపు, నేను. ఉన్న వస్తువులు: ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో నాయనమ్మ. ఒకే బర్నరున్న చిన్న గ్యాస్ స్టవ్వు, దాని సిలిండరు. స్టవ్వు మీద మూడు లీటర్ల పాత అల్యూమినియం కుక్కరు, అందులో లీటరు నీళ్లు. కుక్కరు మూత నుంచి బయల్దేరి పక్కనున్న టేకు చెక్క మీదికి వచ్చే సన్నని రాగి గొట్టం. ఆ చెక్క మీద నేను చేసిన ఆవిరి ఇంజను. గోడవారగా బాపు బండి, దాని ముందు చక్రం కింద పొద్దున నలిగిన నిమ్మకాయ. గడపకు బంతిపూల దండ. నా చేతిలో వరుసగా చేయవలసిన పదమూడు పనులు రాసుకున్న కాగితం. దసరా పండుగ.

ఎవరికీ ఏమీ కాలేదు. అది ముందే రాసేస్తున్నాను. ఈ సంగతి ఎవరికి చెప్పినా, నాయనమ్మ ఎక్కడ కూర్చుందో తెలియగానే నా మాట ఆపి అదే అడుగుతారు. ఏమీ కాలేదు. నేను ఇది రాస్తుంటే ఆమె లోపల టీవీ ముందు కూర్చుని, సౌండు పెంచమని అమ్మను విసిగిస్తోంది.

నేను శేరిగూడలో ఒక కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. మా థర్మల్ ల్యాబులో అద్దాల పెట్టెలో నిలువునా కోసిన ఆవిరి ఇంజను నమూనా ఒకటి ఉండేది. పెట్టెకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేకపోయారు. అద్దం బయట నిలబడి బొమ్మ వేసుకున్నాం, భాగాలకు పేర్లు రాసుకున్నాం. వైవాలో బాయిలర్‌కు బిగించే భాగాలు చెప్పమంటే ఊపిరి తీసుకోకుండా చెప్పాను: సేఫ్టీ వాల్వు, నీటి మట్టం చూపే గాజు గొట్టం, ప్రెషర్ గేజి, స్టీమ్ స్టాప్ వాల్వు, ఫీడ్ చెక్ వాల్వు, బ్లో ఆఫ్ కాక్, ఫ్యూజిబుల్ ప్లగ్. ఏడు. చివరిదాని పని ఏమిటని అడిగితే అదీ చెప్పాను. వేడి హద్దు దాటితే ముందుగా తాను కరిగిపోయి, ఆవిరికి దారి ఇచ్చే మెత్తని లోహపు బిళ్ల. మార్కులు బాగానే ఇచ్చారు. ఆ ఏడింటిలో ఒక్కదాన్ని కూడా నేను చేత్తో పట్టుకుని చూసింది లేదు.

చదువు అయ్యాక ఆదిభట్ల వైపు ఒక చిన్న విడిభాగాల కంపెనీలో తనిఖీ పని దొరికింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంధ్రాల వ్యాసాలు కొలవడం, రాయడం. పని మంచిదే. కాని కొలిచిన భాగాలన్నీ పెట్టెల్లో పడి వెళ్లిపోతాయి. అవి దేనికి బిగుస్తాయో, బిగిశాక ఏం తిరుగుతుందో నాకు కనపడదు. తిరిగేది ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా నేనే చేయాలనిపించింది. ఇంట్లోనే తుక్కుకు కొదవ లేదు. సాగర్ రోడ్డు మీద మా ఇంటి ముందు గదే బాపు మోటార్ వైండింగ్ షాపు. కందుకూరు దాకా ఊళ్లలో కాలిపోయిన బోరు మోటార్లు అక్కడికే వస్తాయి.

షాపు మూలన తుక్కు డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఏరుకుంటుంటే బాపు అడిగాడు.

"ఏందిరా దేవులాడుతున్నవ్?"

"ఆవిరి ఇంజను చేస్తున్న బాపు."

"అంటే?"

"నీళ్లు కాగవెడ్తే ఆవిరొస్తది గద. దాంతోని చక్రం తిప్పుడు."

బాపు రాగి తీగ చుట్టడం ఆపకుండానే అన్నాడు: "నీళ్లు కాగవెట్టెటందుకు నాలుగేండ్లు సదివినవా? మీ అమ్మ పొద్దుగాల లేస్తే చేసేది అదే గద."

కాని మర్నాడు నేను అడగకుండానే ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు నుంచి ఊడదీసిన కంచు బుష్ నా బల్ల మీద పెట్టి ఉంది. దాన్ని లేత్ షాపులో చెక్కించి పిస్టన్ చేశాను. చక్రం పాడైపోయిన తడి గ్రైండరు పుల్లీ. పిస్టన్ కడ్డీ సైకిలు చక్రపు పుల్ల. రాగి గొట్టం పాత ఫ్రిజ్ వెనకాలది. పునాది చెక్క మా పాత తలుపులో చెదలు పట్టని ముక్క. ఇక కావలసింది సిలిండరు. లోపల నున్నగా ఉండాలి, ఇత్తడిదైతే మేలు, ఇరవై మిల్లీమీటర్ల చుట్టుపక్కల వ్యాసం ఉండాలి. అలాంటి గొట్టం మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది నాయనమ్మ మంచం కింద గోనెసంచిలో ఉంది.

ఇత్తడి పంపు స్టవ్వు. గ్యాస్ వచ్చి ఇన్నేళ్లయినా నాయనమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. తుక్కువాళ్లు గల్లీలోకి వచ్చి అరిస్తే సంచిని ఇంకొంచెం లోపలికి తోసేది. దాని పక్కన ఉండే పంపు, కిరసనాయిలు పైకి ఎక్కడానికి గాలి కొట్టే చిన్న గొట్టం, నేను వెతుకుతున్న సిలిండరే.

"నాయనమ్మ, స్టవ్వుకున్న పంపు నాకియ్యవా?"

"ఏం జేస్తవ్ దాంతోని?"

"చక్రం తిప్పుత."

"స్టవ్వు పంపు చక్రమెట్ల తిప్పుతదిరా? నాకు చెవుల పూలు వెడుతున్నవా?"

"ఇన్నేండ్లు నువ్వు దాన్ని కొట్టినవ్ గద. ఇప్పుడు ఆవిరి దాన్ని లోపలికెల్లి కొడ్తది. గంతే తేడా."

ఆమె కాసేపు ఆలోచించింది. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి కాలేదు. ఆలోచించేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంటుంది.

"ఇస్త. కాని తిరిగెటప్పుడు నేను ముంగటుండాలె. మీరందరు చుట్టు నిలవడి, నన్ను వెనక కూసోవెడ్తే నాకేం కనవడది."

"నీదే ముంగటి కుర్చి."

"మాట?"

"మాట."

ఆ మాట వల్లే ఆమె దసరా రోజు బాయిలర్‌కు రెండున్నర అడుగుల దూరంలో కూర్చుంది. ఇంతకంటే ముందుకు కుర్చీ వేస్తే స్టవ్వు వేడి తగులుతుందని కొలిచి మరీ నేనే వేశాను.

బాయిలర్‌కు అమ్మ పాత కుక్కరు అడిగాను. ఆమె దాన్ని అటక మీద నుంచి దించి, తోమి, కొత్త రబ్బరు రింగు వేసి ఇచ్చింది. ఆమెదీ ఒక షరతు. "పొయ్యి నేనే ముట్టిస్త, నేనే బంద్ జేస్త. నువ్వు గ్యాస్ మీద చెయ్యి వెట్టొద్దు." ఒకసారి పాలు పొంగించి, మంట ఆరిపోయింది చూడకుండా గ్యాస్ వదిలేసిన చరిత్ర నాకుంది. ఒప్పుకున్నాను.

కుక్కరు మూతకు రెండు రంధ్రాలు ఉంటాయి. మధ్యది విజిల్ బరువు కూర్చునేది. దాన్ని ఇంజనుకు వెళ్లే ఆవిరి గొట్టంగా మార్చి, గొట్టం మీద ప్రెషర్ గేజి, ఆవిరిని ఇంజనులోకి వదిలే కాక్ బిగించాను. పక్కది సేఫ్టీ ప్లగ్‌ది, అంటే వేడి ఎక్కువైతే కరిగే బిళ్లది. నేను చేసే సేఫ్టీ వాల్వుకు చోటు కావాలి. మూడో రంధ్రం పెడితే మూత బలం తగ్గుతుంది. కాబట్టి కుక్కరుతో వచ్చిన ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో నా వాల్వు బిగించాను. ప్లగ్‌ను అగ్గిపెట్టెలో వేసి పైన పేరు రాసి బల్ల సొరుగులో పెట్టాను. వైవాలో ఏడు చెప్పి మార్కులు తెచ్చుకున్నవాడిని, ఏడోదాన్ని నా చేత్తోనే విప్పి సొరుగులో పెట్టానన్నది ఆ పూట నాకు తట్టలేదు. నా వాల్వు ఉంది కదా అనుకున్నాను.

నిజానికి ఆ వాల్వు నా పనిలో అన్నిటికంటే బాగా కుదిరింది. పంతొమ్మిది సాయంత్రాలు పట్టింది. ఇత్తడి ముక్కకు ఐదు మిల్లీమీటర్ల రంధ్రం, రంధ్రం మూతి మీద బేరింగు నుంచి తీసిన ఉక్కు గుండు, గుండును అదిమి పట్టే పెన్ను స్ప్రింగు, పైన బిగువు మార్చుకునే నట్టు. స్ప్రింగు బయటికే కనపడుతుంది. లోపలి ఆవిరి ఒక కిలో ఒత్తిడి దాటగానే గుండును పైకి తోస్తుంది, స్ప్రింగు ముడుచుకుంటుంది, ఆవిరి సుయ్యిమని బయటికి పోతుంది. కుక్కరు నిండా నీళ్లు పోసి, సైకిలు పంపుతో ఒత్తిడి పెంచి ఏడుసార్లు పరీక్షించాను. ఏడుసార్లూ ఒక కిలో దగ్గరే తెరుచుకుంది. గేజి మాత్రం అంత నమ్మకమైంది కాదు. పంక్చర్ షాపువాడు పారేసిన కంప్రెసర్‌ది. ఏమీ లేనప్పుడే పాయింట్ రెండు చూపించేది. అందుకని కాగితం మీద తొమ్మిదో పనిగా ఇలా రాసుకున్నాను: "సేఫ్టీ వాల్వు తెరుచుకునేదాకా ఆగాలి." పదోది: "అప్పుడు ఆవిరి కాక్ తిప్పాలి." గేజి అబద్ధం చెప్పినా వాల్వు చెప్పదు అన్నది నా లెక్క.

దసరా పొద్దున షాపులో పనిముట్లకు పూజ. బల్ల కడిగి, ముగ్గేసి, అన్నీ వరుసగా పెట్టాం: వైండింగు యంత్రం, పానాలు, కటింగు ప్లేయర్లు, మోటారు ఎత్తే చైన్ పుల్లీ, స్టార్టర్ డబ్బా, వ్యాసాలు కొలిచే నా వెర్నియర్, నా ల్యాప్‌టాప్, ఆఖరున ఇంజను, కుక్కరుతో సహా. అమ్మ చిన్న గిన్నెలో పసుపు ముద్ద కలుపుకుని ఒక్కోదాని ముందు ఒక్క క్షణం ఆగి దాని ముఖం ఎటుందో చూసుకుంటుంది. మనిషికైతే నుదురు. వస్తువుకు అది వెతుక్కోవాలి. బండికి హెడ్‌లైటు పైన. వైండింగు యంత్రానికి చుట్లు లెక్కపెట్టే మీటరు పైన. ల్యాప్‌టాప్ మూతకు మధ్యలో.

ఇంజను దగ్గరికి వచ్చి ఆగింది.

"దీని మొఖం ఏదిరా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అన్నిటికంటే పైన ఉన్నది, గుండ్రంగా ఉన్నది, బ్రాసో పెట్టి మెరిపించినది, నాకు గర్వంగా ఉన్నది.

"గదే అమ్మ. పైన మెరుస్తాంది చూడు. గదే."

అమ్మ పండుగ నాటి తీరులో నిండుగా పెట్టింది. చిక్కటి పసుపు ముద్ద బొటనవేలితో అద్ది, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, పసుపు దారం మూడు చుట్లు దాని మెడకు కట్టి, దారంలో ఒక బంతిపువ్వు గుచ్చింది. బాపు కొబ్బరికాయ కొట్టాడు. బల్ల మీద ఎండ పడుతోంది. ఆ ఎండలోనే అన్నీ మధ్యాహ్నం దాకా ఉన్నాయి.

మూడు గంటలకు ఇంజనును వాకిట్లోకి తెచ్చాక, కాగితంలో నాలుగో పని చేశాను: "మంట దగ్గర అంటుకునేవి తీసేయాలి." బంతిపువ్వు తీసేశాను. దారం, బొట్టు తీయలేదు. పండుగ పూట పెట్టిన బొట్టు సాయంత్రం కాకముందే ఎవరు చెరుపుతారు? అది నా కాగితంలోనూ లేదు.

అమ్మ స్టవ్వు ముట్టించింది. మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలు.

మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి గుండ్రంగా తిరిగి పోయింది. నాయనమ్మ తల ఎత్తి చూసింది.

"అది గూడ ఆవిరేనారా?"

"కాదు నాయనమ్మ. పెట్రోలు."

"మరి నువ్వు గట్ల ఎగిరేది చెయ్యకపోయినవా?"

బాపు నవ్వాడు. "ముందుగాల ఇది కదలనియ్యమ్మా. జమ్మికాడికి పొయ్యే యాల్లవుతాంది."

గేజి ముల్లు లేచింది. పాయింట్ ఐదు. పాయింట్ ఎనిమిది. ఒకటి. నేను వాల్వు వైపు చూశాను. ఏమీ లేదు. పాయింట్ రెండు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఒకటి పాయింట్ రెండు దాకా ఆగాలి. ఒకటి పాయింట్ రెండు. ఏమీ లేదు. ఒకటి పాయింట్ మూడు. గేజి మళ్లీ సతాయిస్తోందని కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిదో పని ఇంకా కాలేదు, పదోదానికి పోకూడదు.

అమ్మ స్టవ్వు పక్కన పీట మీద కూర్చుని చెవి అటు పెట్టి వింటోంది. మా ఇంట్లో కుక్కరు విజిల్‌ను సీటీ అంటారు. ఆమె గేజి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"సీటీ ఎందుకస్తలేదురా?"

"ఇది కుక్కర్ కాదమ్మ, బాయిలర్. సీటీ రాదు. వాల్వు తెరుచుకుంటది."

"బాయిలరో గీయిలరో, లోపలున్నయి నీళ్లే గద. సీటీ వచ్చెటందుకు ముందుగాల సుయ్యిమంటది. ఇంతసేపాయె, సుయ్యిమంటనే లేదు."

"అమ్మా, జరసేపు ఆగు."

ఒకటి పాయింట్ ఐదు. టప్పుమని చిన్న శబ్దంతో ఆమె గ్యాస్ నాబ్ తిప్పేసింది.

"నేను బంద్ జేసిన. నువ్వేమన్న అనుకో."

తొమ్మిదో పని పూర్తి కాకుండా ఎందుకు ఆపావని అనబోయాను. నోరు తెరిచాను కూడా. మాటతో పాటు వాల్వు వైపు వేలు చూపించబోయి అప్పుడు దాన్ని సరిగ్గా చూశాను. ఇత్తడి కనపడలేదు. స్ప్రింగు కనపడలేదు. పసుపు కనపడింది. పొద్దున మెత్తగా ఉన్న ముద్ద స్ప్రింగు చుట్ల మధ్యలోకి దిగి, ఎండకు ఎండి, మంటకు ఇంకా గట్టిపడి, దాని మీద దారం మూడు చుట్లు బిగిసి ఉంది. ముడుచుకోవలసిన స్ప్రింగు ముడుచుకునే చోటు లేక కడ్డీలా నిలబడి ఉంది. పైన కుంకుమ బొట్టు కొంచెం కూడా చెదరలేదు. ఆవిరి తనంతట తాను బయటికి పోవడానికి కుక్కరుకు ఉన్న దారి అదొక్కటే. రెండోదాన్ని నేను అగ్గిపెట్టెలో పెట్టాను. గేజి ఈ పూట అబద్ధం చెప్పలేదు.

రెండున్నర అడుగుల దూరంలో నాయనమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎడమ కన్ను మూసుకుని, చక్రం వైపే చూస్తోంది. ఆమె కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

"బాపు, నాయనమ్మను జరుపు."

బాపు ఎందుకని అడగలేదు. కరెంటుతో పనిచేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. పక్కవాడు జరగమంటే ముందు జరుగుతారు, తర్వాత అడుగుతారు. నాలుగు అడుగుల్లో వచ్చి, కుర్చీ రెండు చేతులూ పట్టుకుని, ఆమెతో సహా ఎత్తుకుని గేటు దాకా పోయాడు. ఆమె "అయ్యో, ఏందిరా ఇది, నన్నెందుకు లేవట్టినవ్!" అని అరుస్తూనే ఉంది. అమ్మను షాపు గోడ వెనక్కి పొమ్మన్నాను. ఒక్క మాటకే పోయింది.

మంట ఆగింది కాని కుక్కరు అడుగు ఇంకా వేడి. ముల్లు ఒకటి పాయింట్ ఆరుకు వెళ్లింది. దూరంగా పోయి చల్లారేదాకా ఆగడమా, లోపలి ఆవిరిని ఇంజను గుండా వదిలేయడమా? చల్లారడానికి అరగంట. అరగంట ఆ మూతను నమ్మలేను. ముఖం పక్కకు తిప్పుకుని, చేయి చాచి ఆవిరి కాక్ తిప్పాను. ఏమీ కదలలేదు. పిస్టన్ చివర ఆగి ఉన్నట్టుంది. అలాంటప్పుడు చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోయాలి. అది కాగితంలో పదకొండో పని. తోశాను.

చక్రం సగం తిరిగి, ఆగినట్టే ఆగి, పట్టుకుంది.

నేను బండి వెనక్కి వచ్చి కూర్చున్నాను. టపటపటపమని పంపు స్టవ్వు పంపు తన పిస్టన్‌ను తానే కొట్టుకుంటోంది. పంపు అడుగు నుంచి తెల్లటి ఆవిరి ఉఫ్ ఉఫ్ మని వస్తోంది. నాలుగు నెలలుగా నేను చూడాలనుకున్నది అదే. కాని నేను చూసింది గేజిని. ఒకటి పాయింట్ నాలుగు. ఒకటి పాయింట్ రెండు. ఒకటి. పాయింట్ ఏడు. పాయింట్ నాలుగు. ప్రతి అంకె తగ్గినప్పుడల్లా ఛాతీ మీద నుంచి ఎవరో ఒక మోటారు దించుతున్నట్టు ఉంది. ఆరు నిమిషాల నలభై సెకన్ల తర్వాత చక్రం నెమ్మదించి, ఒకసారి వెనక్కి ఊగి, నిలబడింది. ముల్లు తన మామూలు పాయింట్ రెండు దగ్గర ఆగింది. అంటే సున్నా.

గేటు దగ్గర నుంచి నాయనమ్మ అడిగింది. "ఏమైందిరా? కుండ వలిగిందా?"

"లేదు నాయనమ్మ. ఏం గాలే."

"ఏం గాకపోతే నన్నెందుకు ఎత్కచ్చిండు వీడు?"

చల్లారాక వాల్వు విప్పి అందరికీ చూపించాను. చాకు మొనతో గీకితే పసుపు పెళ్లలుగా రాలింది. అమ్మ ముఖం మాడిపోయింది.

"నేనే పెడ్తి గదరా దాని మీద."

"నువ్వు అడిగినవమ్మ. నేనే చూపించిన."

"అయినా..."

"నువ్వు బంద్ జెయ్యకపోతే నేను ఇంకా ఆగుతుంటి. కాగితంల గట్లనే రాసుకున్న."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పప్పు అడుగంటుతాంటే బంద్ జేస్త. ఎవలన్న కాగితం చూసుకుంట కూసుంటరా?" అంది. ఆ మాటలో తిట్టు ఉంది కాబట్టి ఆమె బాగానే ఉందని నాకు ధైర్యం వచ్చింది.

బాపు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. షాపులోకి తీసుకుపోయి స్టార్టర్ డబ్బా చూపించాడు.

"దీనికి బొట్టు ఏడ వెట్టించిన?"

"మూత మీద."

"లోపల పాయింట్ల మీద ఎందుకు వెట్టియ్యలే?"

మోటారు నడవాలంటే ఆ పాయింట్లు కదిలి ఒకదానికొకటి తగలాలి. బాపు మూత తెరిచి వాటిని చూపించాడు.

"కదిలేదాని మీద బొట్టు వెట్టొద్దు. కదలనిదాని మీదనే వెట్టాలె. మీ కాలేజీల చెప్పలేదా?"

"లేదు బాపు."

ఆయన డబ్బా మూత మూశాడు. "నేను గూడ చెప్పలే. నీకెర్కనే అనుకున్న."

ఆ సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కాను. మామూలుగా మొక్కి లేచేవాడిని. ఆ రోజు ఆమె పాదాలు పట్టుకుని కొంచెం ఎక్కువసేపు ఉన్నాను. ఎండిపోయిన, పగిలిన, వెచ్చటి పాదాలు. రెండూ ఉన్నాయి. ఆమె నా తల మీద చేయి పెట్టి దీవించి, వెంటనే ఫిర్యాదు మొదలుపెట్టింది.

"ముంగట కూసోవెడ్తనంటివి. ఎత్కపొయ్యి గేటుకాడ వడేస్తిరి. చక్రం మస్తు తిరిగిందట గద. నేను చూస్తినా?"

"మల్ల తిప్పుత నాయనమ్మ. నువ్వు చూసేదాక తిప్పుత."

"పంపు నాది."

"అవ్. నీదే."

తర్వాతి ఆదివారం దాకా పనులు ఇవి. అగ్గిపెట్టెలోంచి ప్లగ్ తీసి దాని రంధ్రంలోకి దాన్ని మళ్లీ బిగించాను. నా వాల్వును ఆవిరి గొట్టం మొదట్లో మూడు దారుల ముక్క వేసి అక్కడికి మార్చాను. స్ప్రింగుకు కొత్తది వేశాను. వాల్వు పైన చిన్న ఉంగరం పెట్టాను, ముట్టించే ముందు చేత్తో లాగి చూడటానికి. గేజి తీసేసి కొత్తది తెచ్చాను. కాగితం మీద తొమ్మిదో పని కొట్టేసి, "వాల్వు తెరుచుకున్నా, లేకున్నా, గేజి ఒకటి దాటితే మంట ఆపాలి" అని రాశాను. దాని పక్కన అమ్మ పేరు రాయాలనిపించింది. రాయలేదు. కాని "సుయ్యిమని వినపడిందా?" అని ఇంకో పని కలిపాను. పద్నాలుగు అయ్యాయి.

కుర్చీ పన్నెండు అడుగుల దూరంలో వేశాను. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"గింత దూరంకెల్లి నాకేం కనవడ్తది?"

ఆ సంగతి ముందే ఆలోచించాను. చక్రం సగానికి సున్నం పూశాను, మిగతా సగం నల్లగా వదిలేశాను. చేత్తో తిప్పి చూపించాను. తెలుపు, నలుపు. తెలుపు, నలుపు. ఆమె ఎడమ కన్ను మూసుకుని చూసింది.

"కనవడ్తాంది. తెల్లగ మెరుస్తాంది."

అమ్మ బొట్టు పెట్టడానికి గిన్నె తెచ్చింది. ఈసారి ముఖం ఏదని అడగలేదు. బాపు వైపు చూసింది. బాపు వేలితో టేకు చెక్క చూపించాడు. చెక్క మూలన చిన్న బొట్టు పెట్టింది. నేను వాల్వు ఉంగరం పట్టి మూడుసార్లు లాగాను. మూడుసార్లూ స్ప్రింగు ముడుచుకుని విడిచింది.

స్టవ్వు ముట్టించింది అమ్మే. ముల్లు పాయింట్ తొమ్మిది దగ్గర ఉండగా ఆమె చేయెత్తింది. "సుయ్యిమంటాంది." ఒకటి దగ్గర వాల్వు తెరుచుకుంది. తెల్లటి ఆవిరి ఒక మూర ఎత్తు లేచింది. ఆ శబ్దానికి బాపు ఒక అడుగు వెనక్కి వేసి, ఎవరూ చూడలేదనుకుని మళ్లీ ముందుకు వచ్చాడు. కాక్ తిప్పాను, చక్రాన్ని తోశాను. మొదటి తోపుకే పట్టుకుంది.

నాయనమ్మ చప్పట్లు కొట్టలేదు. కుర్చీలో ముందుకు వంగి, తెలుపు నలుపు చూస్తూ, కుడి చేయి మోకాలి మీద పైకీ కిందికీ ఆడిస్తోంది. ఎందుకో నాకు వెంటనే తెలియలేదు. కాసేపటికి గుర్తుపట్టాను. స్టవ్వుకు గాలి కొట్టే తీరు అది.

ఇరవై ఆరు నిమిషాలు నడిపాం. ఒత్తిడి ఎక్కువైనప్పుడల్లా వాల్వు తనంతట తాను తెరుచుకుని, వదిలి, మూసుకుంది. అమ్మ వంటింటి అలవాటు కొద్దీ వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టింది. నేను కాగితం మీద గీతలు పెట్టాను. చివర్లో రెండూ సరిచూసుకుంటే ఒకటే లెక్క.

తొమ్మిది సార్లు.